ఎగువకి

కాన్వెంట్ జంక్షన్‌లో తెల్లారకముందు టీ తాగి
బయల్దేరాం, నేనూ వరహాలూ.
అతని వీపున కూతురి పాత కాలేజీ బ్యాగు,
నా వీపున పూర్ణా మార్కెట్లో బేరమాడి కొన్న నీలం సంచి.
ముందురోజు రాత్రి కూరగాయల కాటా మీద
అన్నీ తూచాం: దుప్పటి, అటుకులు, బెల్లం, చిన్న స్టవ్వు.
టూత్‌బ్రష్షు పిడి సగానికి విరిచేశాను నేను.
"బరువంటే నీకంత బయమేటి?" అని నవ్వాడు.
ముప్పై ఏళ్లు పోర్టులో ఇనప ఖనిజం దించినవాడి నవ్వు,
చివర్న దగ్గు ఉంటుంది.

కొండ మీంచి గూడ్సు దిగే దారికి
ఎదురు నడవాలని అతని కోరిక.
పట్టాల మీద కాదు, పక్కన
సంతకెళ్లే పాదాలు నున్నగా చేసిన బాటల్లో.
"నా గుండెలోకి అంత దూరం నడిసొచ్చినాది గదా,
నాను సగం దూరమైనా ఎదురెల్లొద్దా?"

పెందుర్తి దాటేసరికే మాటలు అయిపోయాయి.
కొత్తవలసలో నా మడమ మీద బొబ్బ,
వేపాకు నూరి కట్టాడు, ఆ రాత్రంతా
నా కాలు అతని సంచి మీద.
దిండులా ఉండాల్సింది, గట్టిగా ఉంది.
అడగలేదు, నిద్రొచ్చేసింది.

శృంగవరపుకోట వెనకేసి కొండెక్కడం మొదలయ్యాక
నేను ముందు, అతను వెనక.
ఆవు మెడలో గంటలా ఆ దగ్గు
వినిపిస్తే నడిచాను,
ఆగితే ఆగాను.
ఒక్కో మలుపులో ఒక్కో గూడ్సు దిగేది,
ఎక్కడివాడక్కడ నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవాడు.
యాభై ఎనిమిది. మళ్లీ యాభై ఎనిమిది.
ఒకసారి యాభై ఏడే వస్తే
మధ్యాహ్నం దాకా దిగులుగా ఉన్నాడు.

త్యాడ దాటాక వాన.
జలగలు. తడిసిన అటుకులు.
పొడిబట్ట కోసం అతని సంచిలో చెయ్యి పెడితే
లుంగీలో చుట్టిన రాయి,
ఎర్రగా, నల్లగా, రెండు కేజీలకి తక్కువ లేదు.
"టూత్‌బ్రష్షు విరిచాన్రా నేను!"
కొండ మీద మొట్టమొదటిసారి అరిచాను.
తలొంచుకుని జలగకి ఉప్పు రాస్తూ అన్నాడు:
"రిటైరైన రోజు జేబులో ఏసీసుకున్నాను.
దాని ఊర్లో దింపీసి వొద్దామని."
దాని ఊరు ఇంకా ఎన్ని వందల కిలోమీటర్లో
ఇద్దరికీ తెలుసు.
చాలాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.

తర్వాత రాయి నా సంచిలోకి మారింది.
ఎప్పుడు మారిందో చెప్పడానికి అంత కథేం లేదు,
చిమిడిపల్లి దగ్గర ఏటవాలు నిట్టనిలువుగా లేచింది, అంతే.
బొర్రా దాకా నేను, తర్వాత పూట అతను,
దగ్గు ఎక్కువైతే మళ్లీ నేను.
వీపుకి రాయి అంచు గుచ్చుకున్న చోట
ఇప్పటికీ చిన్న మచ్చుంది.

ఏడోరోజు పొద్దున్న శిమిలిగుడ.
మంచులో వలిసెపూల పసుపు అటొక చెక్క, ఇటొక చెక్క.
వరహాలు స్టేషన్ బోర్డుకి చెయ్యానించి
ఊపిరి కోసం ఆగాడు. ఆగాడు. ఇంకా ఆగాడు.
"ఇక్కడితో సాలు," అన్నాను.
"ఈ ఏటికి," అని సరిదిద్దాడు.

కొర్రా చిలకమ్మ టీకొట్టు పరదా
గాలికి లేచి లేచి పడుతోంది.
రాయి ఆమె చేతిలో పెట్టాడు:
వచ్చే కార్తీకంలో ఇక్కణ్ణుంచే మొదలెడతాం,
అందాకా దాచమన్నాడు.
ఆమె అటూ ఇటూ తిప్పి చూసి,
పరదా కొస మీద పెట్టింది. పరదా కదల్లేదు.
"మీరొచ్చి పట్టుకుపోతే
మరి దీనికేం పెట్టుకోవాలి నేను?"

వరహాలుకి నవ్వొచ్చింది.
నవ్వు చివర కోసం
నేను చెవి ఒగ్గి కూచున్నాను.
కింద ఎక్కడో గూడ్సు కూతేసింది,
వేళ్లు మడుస్తూ అతను లేచాడు.